కనెక్టర్ బాబు, అల్లుడి పని

కొండబాబు అరకులో అడుగు పెట్టి చేసిన మొదటి ఘనకార్యం, కనక కంప్యూటర్ ప్లగ్గు పీకెయ్యడం.

కిరండూల్ పాసింజర్ దిగి, కంపెనీ పేరు రాసున్న రెండు పెద్ద అట్టపెట్టెలు ఆటోలో వేసుకుని కాఫీ రైతుల సంఘం ఆఫీసులోకి వచ్చాడు. డిసెంబరు చలికి అరచేతులు రుద్దుకుంటూ చుట్టూ చూశాడు. గోడకి ఒకే ఒక్క సాకెట్ కనబడింది. అందులో ఎవరిదో ప్లగ్గుంది. దాన్ని పీకి తనది పెట్టాడు.

గది అవతలి మూల నుంచి కేక వినబడింది.

"ఎవరండీ అది పీకింది?"

కొండబాబు తిరిగి చూశాడు. స్వెట్టర్ మీద శాలువా కప్పుకున్న అమ్మాయి, నల్లబడ్డ స్క్రీను ముందు రెండు చేతులూ గాల్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పొద్దుట్నించీ ఎక్కించిన రైతుల వివరాలన్నీ గంగలో కలిశాయి.

"సేవ్ చేసుకోలేదా?" అన్నాడు. ఇలాంటప్పుడు అడగకూడని ప్రశ్న ఏదైనా ఉంటే అది సరిగ్గా అదే.

"చేద్దామని చెయ్యి పెట్టాను. ఈలోగా తమరు దయచేశారు."

"యూపీఎస్ ఉండాలి కదండీ?"

"ఉంది. దాని బ్యాటరీ చచ్చి నెల్లయింది. కొత్తది పంపమని మీ కంపెనీకి ఎన్నిసార్లు ఫోన్ చేశానో! ఆ పెట్టెల్లో తెచ్చారా?"

"వీటిలో సర్వర్లున్నాయండి."

"అయితే అవీ ఇలాగే పోతాయి. ఇక్కడ కరెంటు చెప్పి పోదు. మీకులాగే."

కొండబాబు తల గోక్కున్నాడు. తప్పు తనదే. ఒప్పేసుకుంటే గొడవ వదిలిపోతుంది. కానీ ఒప్పుకునేలోపే సెక్రటరీ అప్పారావుగారు లోపల్నుంచి వచ్చి, "కనకా, వైజాగ్ నుంచి ఇంజినీరుగారొచ్చారు, టీ చెప్పమ్మా" అన్నారు.

"చెప్తాను సార్. ముందు ఆయన్ని నా ప్లగ్గు పెట్టమనండి" అంది కనక.

వంతల కనకది అరకు నుంచి జీపెక్కి, ఆ తరవాత కొండెక్కి వెళ్ళాల్సిన తోటగుడ. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంసీఏ చదివింది. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ వైజాగ్ ఉక్కపోతని తిట్టుకుంది. సంఘంలో కంప్యూటర్ ఉద్యోగం పడిందని తెలియగానే, క్లాసులో అందరూ హైదరాబాద్ బస్సెక్కుతుంటే తనొక్కతీ అరకు రైలెక్కింది. అందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదు. ఇవాళ ప్లగ్గు దగ్గర మాత్రం కొంచెం బాధపడింది.

"మీ పేరు విని కొండవాళ్ళే అనుకున్నాను" అంది టీ గ్లాసు అతని ముందు పెట్టి.

"అనకాపల్లండి. మా అమ్మ సింహాచలం మెట్లెక్కి మొక్కుకుంటే పుట్టానట. అందుకని కొండబాబు."

"మీరెప్పుడైనా ఎక్కారా ఆ మెట్లు?"

"బస్సుంది కదండీ."

కనకకి నవ్వొచ్చింది. కోపం ఇంకా పూర్తిగా తీరలేదు కాబట్టి స్క్రీను వైపు తిరిగి నవ్వింది.

*

కొండబాబు వచ్చిన పని ఇదీ. ఏ ఊరి కాఫీ ఎవరి తోటలో పండింది, ఎప్పుడు ఎండింది అన్నది కొనేవాళ్ళు ఏ దేశంలోంచైనా వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. దానికి రెండు పెట్టెలు. ముందు పెట్టె వెబ్ సర్వర్, అడిగినవాళ్ళకి పేజీలు చూపిస్తుంది. వెనక పెట్టె అప్లికేషన్ సర్వర్, అసలు వివరాలు వెతికి పెడుతుంది. ఈ రెండింటి మధ్యా మాటలు మోసేది కనెక్టర్. అది కుదరకపోతే ముందు పెట్టె మర్యాదగా పలకరిస్తుంది గానీ, ఏమడిగినా తెల్లమొహం వేస్తుంది.

కనక వాళ్ళ నాన్న సోంబరు ఒకసారి ఆఫీసుకొచ్చి, "ఏటమ్మా ఆ బాబు పొద్దస్తమానం సేసేది?" అని అడిగాడు.

"సంతలో ముందు కూకుని బేరం మాటాడేవోడు ఒకడుంటాడు కదా నాన్నా. ఎనక గోదాంలో సరుకు తీసేవోడు ఇంకొకడు. ఈడి మాట ఆడికి, ఆడి మాట ఈడికి సెప్పే మనిషి కావాల. ఆ మనిషిని కుదురుస్తన్నాడు."

"కుదిరినాడా?"

"ఇంకా లేదు."

"మడిసిని కుదర్సడం కట్టమే" అని సోంబరు సానుభూతిగా తలూపి వెళ్ళిపోయాడు.

మొదట్లో కష్టం చిన్నదే. వైజాగ్ ఆఫీసులో పరీక్షించినప్పుడు రెండు సర్వర్లూ ఒకే కంప్యూటర్లో ఉండేవి. కనెక్టర్ ఫైల్లో వెనక పెట్టె చిరునామా దగ్గర 'ఇక్కడే' అన్నట్టు రాసుంది. ఇక్కడ పెట్టెలు రెండు, మధ్యలో కాపలాకి ఫైర్‌వాల్ ఒకటి. ముందు పెట్టె పాపం తనలోనే తను వెతుక్కుంటోంది. కొండబాబు చిరునామా మార్చాడు. రీస్టార్ట్ చేశాడు. అయినా రాలేదు. వెనక పెట్టెకి ఫైల్లో పైన ఒక పేరు, కింద ఇంకో పేరు రాశానని కాసేపటికి కనిపెట్టి నాలిక కరుచుకున్నాడు. ఫైర్‌వాల్‌లో మాటలు వెళ్ళే దారి, అదే పోర్టు, తెరవలేదని గుర్తొచ్చి మళ్ళీ కరుచుకున్నాడు.

అప్పుడు తెర మీద తోటగుడ పేరు వచ్చింది. దాని కింద 'వంతల సోంబరు' అని వచ్చింది.

"మా నాన్న!" అంది కనక. తను రోజూ టైపు చేసే పేరే. అయినా వెనక పెట్టెలోంచి నడిచొచ్చి తెర మీద నిలబడేసరికి కొత్తగా అనిపించింది.

"ఈ తోట ఎక్కడుందండీ?" అన్నాడు కొండబాబు.

"రండి, ఆదివారం చూపిస్తాను. బస్సు మాత్రం లేదు."

*

ఆ ఆదివారం కొండబాబు కొండ ఎక్కిన తీరు చూడాలి. పది అడుగులకి ఒకసారి ఆగి, ప్రకృతి సౌందర్యం చూస్తున్నట్టు నడుం మీద చేతులు వేసుకునేవాడు.

"ఆ చెట్టు ఏంటండీ?"

"సిల్వర్ ఓక్. కిందటి మలుపులోనూ అదే అడిగారు."

"దాని మీద పాకింది?"

"మిరియాల తీగ. అదీ అడిగారు. అలిసిపోయానని చెప్తే ఆగుతాను కదా!"

"అలిసిపోయానండి" అని రాయి మీద కూలబడ్డాడు కొండబాబు. కనక పకపకా నవ్వింది. ఈసారి మొహం తిప్పుకోలేదు.

తోటలో పండ్లు ఎర్రగా పండి ఉన్నాయి. సోంబరు, అతని భార్య సోములమ్మ బుట్టలు కట్టుకుని కోస్తున్నారు. ఊరికే నిలబడ్డం మొహమాటంగా తోచి కొండబాబు కూడా ఒక బుట్ట అడిగి తీసుకున్నాడు. పచ్చివి కూడా కోసేస్తున్నాడని సోములమ్మ లబోదిబోమంది. సాయంత్రం బస్తా ఎత్తబోయి సగం దారిలో ఒలకబోశాడు. నలుగురూ కూర్చుని ఏరారు. వెళ్ళేటప్పుడు సోములమ్మ అతనికి గాజుగ్లాసులో టీ ఇచ్చింది. వచ్చిన చుట్టానికి ఇచ్చేది అదే.

అంతవరకూ ఏ గొడవా లేదు.

రెండో ఆదివారం కనక కళ్లంలో ఎండబోసిన కాఫీ గింజల్ని కర్రతో నెరుపుతోంది. దారి మీద ఎవరో ఆయాసపడుతున్న చప్పుడైంది. చూస్తే కొండబాబు. ఎవరూ పిలవలేదు. జీపులోంచి దిగి దారి అడుక్కుంటూ ఒక్కడే వచ్చేశాడు.

"లాడ్జిలో ఏం తోచలేదండి" అన్నాడు. "మీ నాన్నగారేరి?"

సోంబరు పెరట్లో కట్టెలు కొడుతున్నాడు. "ఇలా తెండి" అని కొండబాబు గొడ్డలి అందుకున్నాడు. నాలుగు దెబ్బలు కట్టెకి, రెండు దెబ్బలు నేలకి వేశాడు. కొట్టినవన్నీ మోపు కట్టి, ఎవరూ చెప్పకుండానే పొయ్యి దగ్గర పడేసి వచ్చాడు.

సోంబరు, సోములమ్మ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. సోములమ్మ లోపలికెళ్ళింది. ఈసారి గాజుగ్లాసు రాలేదు. ఇంట్లోవాళ్ళు తాగే గిన్నెలో రాగులతో కాచిన చోడి అంబలి వచ్చింది. కొండబాబు అమృతంలా తాగి, "ఇంకొంచెం ఉందాండీ?" అన్నాడు.

కనక గింజలు నెరపడం ఆపేసి ఆ గిన్నె వైపు చూసింది.

ఆ ఊళ్ళో పెళ్ళికి ఓలి ఇవ్వాలి. అబ్బాయి వైపువాళ్ళే అమ్మాయి ఇంటికి ఇచ్చుకోవాలి. ఇవ్వలేనివాడు, లేదా ఇవ్వడం కన్నా కష్టపడ్డమే మేలనుకునేవాడు, పిలవకుండా వచ్చి పిల్ల ఇంట్లో పనికి దిగుతాడు. కోత కోస్తాడు, కట్టెలు కొడతాడు. ఇష్టం లేకపోతే ఆ ఇంటివాళ్ళు టీ ఇచ్చి పంపేస్తారు. ఇష్టమైతే అంబలి పోస్తారు. దాన్ని అల్లుడి పని అంటారు. కొండబాబుకి ఇదేమీ తెలియదు. అతనికి ఆకలేసింది, అంతే.

అప్పుడే చెప్పెయ్యాలి. "నాన్నా, ఆయన అలా రాలేదు" అంటే సరిపోయేది. కనక నోరు తెరిచింది కూడా. ఈలోగా కొండబాబు మూతికి అంటుకున్న అంబలి తుడుచుకుంటూ, "వచ్చేవారం పండ్ల తొక్క ఒలిచే పల్పింగ్ మిషను దగ్గర నేను నిలబడతానండి" అన్నాడు. కనక తెరిచిన నోరు మూసేసింది. ఎందుకు మూసిందో తనకి తెలుసు. అతను మళ్ళీ రావాలని ఉంది.

*

ఆ తరవాత ఊళ్ళో కనకకి నిలబడ్డానికి చోటు లేకుండా పోయింది. నీళ్ళకి వెళ్తే, "మీ పనోడు బాగున్నాడా?" అని ఒకావిడ. కళ్లం దగ్గర, "గుంటడు పీలగున్నాడే, కొండ మీద ఆగుతాడా?" అని ఇంకొకావిడ. కనక చెంపలు ఎర్రబడేవి. నవ్వేసి ఊరుకునేది. రాత్రికి మాత్రం నిద్ర పట్టేది కాదు.

పని మధ్యలో వదిలేసి వెళ్ళిపోయినవాడి గురించి ఊరు చాలాకాలం చెప్పుకుంటుంది. వాడి గురించి కంటే ఆ పిల్ల గురించి ఎక్కువ చెప్పుకుంటుంది. కొండబాబు వెళ్ళిపోయేవాడే. కనెక్టర్ కుదిరితే వైజాగ్ వెళ్ళిపోతాడు. కుదరకపోతే ఇంకా ముందే వెళ్ళిపోతాడు.

ఎందుకంటే కనెక్టర్ కుదిరినట్టే కుదిరి చెడుతోంది. వారమంతా బాగుంటుంది. శుక్రవారం సాయంత్రానికి మొదటి పేజీ వస్తుంది, లోపలికి వెళ్ళబోతే ఎర్రర్. రీస్టార్ట్ చేస్తే మళ్ళీ బుద్ధిమంతుడు. అప్పారావుగారు మంచాయనే గానీ, సంక్రాంతి లోపల కొనేవాళ్ళకి చూపిస్తానని మాటిచ్చి కూర్చున్నారు.

"బాబూ, ఈ శుక్రవారం కూడా పడిపోతే మీ కంపెనీకి ఫోన్ చేసి ఇంకొకర్ని పంపమంటాను. ఏమీ అనుకోకు" అన్నారు.

"లేదండీ, పట్టుకుంటాను" అన్నాడు కొండబాబు మొహం మాడ్చుకుని.

ఆయన వెళ్ళాక కనక కుర్చీ దగ్గరికి లాక్కుంది. "శుక్రవారమే ఎందుకు?"

"అదే తెలీట్లేదు. కరెంటు కాదు, చూశాను. మెమరీ కాదు. లాగ్‌లో చూస్తే వెనక పెట్టె హాయిగా ఉంది. ముందు పెట్టె పంపానంటోంది, ఇది నాకు రాలేదంటోంది."

"శుక్రవారం సంత."

"సర్వర్‌కి సంత సంగతేం తెలుస్తుందండీ?"

"సర్వర్‌కి తెలీదు. మనుషులకి తెలుసు కదా. పొద్దున్న తలుపు తీసి ఒకసారి చూసి అందరం సంతకి పోతాం. మీరూ నిన్నగాక మొన్న చేపలు కొనడానికి వచ్చారు. సాయంత్రం దాకా దాన్ని ఒక్కరూ పలకరించరు. రాత్రిళ్ళూ ఆదివారాలూ అయితే ఎలాగూ ఆపేస్తాం."

కొండబాబు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఫైర్‌వాల్!"

"ఏమైంది దానికి?"

"రెండు పెట్టెల మధ్యా లైను తెరిచి ఉంటుంది. గంటల తరబడి ఎవరూ మాట్లాడకపోతే ఫైర్‌వాల్ దాన్ని చడీచప్పుడూ లేకుండా కోసేస్తుంది. కోశానని ఎవరికీ చెప్పదు. ముందు పెట్టె ఆ లైను ఇంకా ఉందనుకుని అందులోనే అరుస్తుంది. అంతేనండి, అంతే! మీరు గనక అనకపోతే ఇంకో నెల తిరిగేవాణ్ణి."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"కాసేపు మాటల్లేకపోతే, ఫైర్‌వాల్ కొయ్యకముందే ఈ పెట్టెలే లైను మూసెయ్యాలి. పనిపడితే కొత్తది తెరుచుకుంటాయి. రెండు ఫైళ్ళలో రెండు గడువులు రాస్తే చాలు. మధ్యాహ్నం చేసేస్తాను. ముందు నాకు టీ కావాలి." అంటూ ఈలవేసుకుంటూ వెళ్ళాడు.

కనక అక్కడే కూర్చుంది. తప్పెక్కడో తనే దొరకబుచ్చుకుంది, తనే అతన్ని రైలెక్కిస్తోంది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

*

కొండబాబు తిరిగొచ్చేసరికి ఈల లేదు. రైల్వే స్టేషన్ దారిలో టీ కొట్టు పెట్టుకున్న రాజులమ్మ, గ్లాసు అందిస్తూ, "అల్లుడి పని ఎన్నాళ్ళు ఒప్పుకున్నావు బాబూ?" అని అడిగింది. ఏ పని అని అతనడిగాడు. ఆవిడ అంతా చెప్పింది, అంబలితో సహా.

"మీకు తెలుసా?" అన్నాడు కనక ముందు నిలబడి.

కనక దేని గురించని అడగలేదు. మొహం చూస్తేనే అర్థమైంది. "తెలుసు."

"ఎప్పట్నించి?"

"మీరు రెండోసారి వచ్చిన రోజు నుంచి."

"చెప్పాలని అనిపించలేదా? ఊరంతా చూసి నవ్వుకుంటుంటే నేనొక్కణ్ణే కట్టెలు మోశానన్నమాట."

"ఎవరూ నవ్వలేదు. మా వాళ్ళు ఆ పనికి నవ్వరు."

"నన్నొక మాట అడగాల్సింది కనకగారూ."

"అడిగితే కాదంటారని భయం వేసింది. చెప్తే రావడం మానేస్తారని భయం వేసింది. మీరు రావడం నాకు బాగుంది. అందుకని చెప్పలేదు. తప్పే."

అతను ఏదో అనబోయాడు. సరిగ్గా అప్పుడే అప్పారావుగారు తలుపు తోసుకుని వచ్చి, "ఏమయ్యా, దొరికిందటగా!" అన్నారు. కొండబాబు కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచాడు.

రెండు ఫైళ్ళలోనూ ఒకే అంకె రాశాడు. రీస్టార్ట్ చేశాడు. అంతకుముందు వారానికోసారి చెడేది ఇప్పుడు నిమిషానికోసారి చెడడం మొదలుపెట్టింది. అతని చూపు తెర మీదుంది గానీ బుర్ర ఎక్కడో ఉంది. ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడకుండా పక్కపక్కనే కూర్చున్నారు. కనక కాసేపు చూసి, ఇక ఉండబట్టలేక వేలు పెట్టి చూపించింది.

"మూడు సున్నాలు తక్కువయ్యాయి."

"ఆఁ?"

"ముందు పెట్టె సెకన్లలో లెక్కేస్తుంది. వెనకది సెకనులో వెయ్యో వంతులో. మీరు ఒకే అంకె ఇచ్చారు. నోరు తెరిచేలోపే వెనకది ఫోను పెట్టేస్తోంది."

కొండబాబు సున్నాలు చేర్చాడు. "థాంక్సండి" అన్నాడు. అంతే అన్నాడు.

శుక్రవారం సంత జరిగింది. ఆఫీసులో ఎవరూ లేరు. సాయంత్రం కనక తలుపు తీసి, గుండె చిక్కబట్టుకుని పేజీ తెరిచింది. తోటగుడ వచ్చింది. వంతల సోంబరు వచ్చింది. అప్పారావుగారు కొండబాబు భుజం తట్టి స్వీట్లు తెప్పించారు. మర్నాడు రైలుకి కొండబాబు సామాను సర్దుకున్నాడు. వెళ్తూ కనక బల్ల దగ్గర ఆగాడు.

"వెళ్ళొస్తానండి."

"మంచిది" అంది కనక. ఆ మాటకి ఎంత బలం కావాల్సి వచ్చిందో ఆమెకే తెలుసు.

*

ఆదివారం కొండబాబు రాలేదు. సోంబరు పొద్దున్నించీ దారి వైపు చూస్తూ చుట్ట కాల్చాడు. ఆ సాయంత్రం కనక ఇక దాచలేకపోయింది.

"నాన్నా, అతను ఎల్లిపోయాడు. ఇంక రాడు. అల్లుడి పనంటే ఏటో అతనికి తెలీనే తెలీదు. నానే సెప్పలేదు."

"తెలీకుండానే అంబలి రెండుసార్లు తాగినాడేటి?" అంది సోములమ్మ నమ్మలేనట్టు.

"ఆకలేసి తాగినాడమ్మా."

సోంబరు చుట్ట ఆర్పేశాడు. కనక తిట్ల కోసం ఎదురు చూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"పారిపోనాడనుకుని తల వంచుకున్నాను" అన్నాడు చివరికి. "తెలీనోడు పారిపోయినట్టు కాదు. ఊరోళ్ళకి నాను సెప్పుకుంటాను. నీకు ఇట్టవేనా ఆడంటే?"

"ఇష్టమే నాన్నా" అంది కనక. సోములమ్మ ఆమె తల తన ఒళ్ళో పెట్టుకుంది.

వారమంతా కనక ఆఫీసుకి వెళ్ళింది, పని చేసింది. కనెక్టర్ ఒక్కసారి కూడా పడిపోలేదు. దాని మీద చెడ్డ కోపం వచ్చింది.

మళ్ళీ ఆదివారం మంచు విడిచే వేళకి కనక కళ్లంలో గింజలు నెరుపుతోంది. దారి మలుపులో ఎవరిదో ఆడగొంతు వినబడింది.

"ఒరే, ఇంకా ఎంత దూరంరా? కాళ్ళు విరిగిపోతున్నాయి. నీ సంబంధం ఏ చెట్టు మీదుందో చెప్పు, ఇక్కడ్నించే చూసి పోతాను."

"ఇదిగోనమ్మా, వచ్చేశాం."

కనక చేతిలో కర్ర జారిపోయింది. మలుపు తిరిగి కొండబాబు వచ్చాడు. వెనక అతని తల్లి రమణమ్మ, ఒక చేత్తో కొంగు, ఇంకో చేత్తో బెల్లం దిమ్మ పట్టుకుని ఆయాసపడుతోంది.

సోంబరు లేచి నిలబడ్డాడు. కొండబాబు తిన్నగా ఆయన దగ్గరికెళ్ళాడు.

"ఇంతవరకూ చేసింది లెక్కలో వెయ్యకండి. అప్పుడు నాకు తెలీదు. ఇప్పుడు తెలిసే వచ్చాను. మీరు ఒప్పుకుంటే మొదట్నించీ చేస్తాను."

"తల్లికి సెప్పినావా?"

"చెప్పాడు బాబూ" అంది రమణమ్మ అరుగు మీద కూలబడి. "దాచుకోవడమెందుకు, వినగానే ఏడ్చాను. అన్నం మానేశాను. వీడూ మానేశాడు. ఇంట్లో మంచినీళ్ళ బిందె ఎత్తనివాడు ఇక్కడ కట్టెలు మోశానంటే, ఆ పిల్లెవరో చూడాలనిపించింది. ఏదీ, ఈ అమ్మాయేనా?"

"మేం కొండోళ్ళమమ్మా" అన్నాడు సోంబరు సూటిగా. "రేపు ఆ మాట మా గుంట కనక మీద ఇసరకూడదు."

"విసిరితే నా కొడుకు నాతో మాట్లాడడు. వాడు మాట్లాడకపోతే నేను బతకలేను. అంతకంటే ఏం చెప్పను?" అంది రమణమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సోంబరు కూతురి వైపు తిరిగాడు. "నీదేటి మాట?"

ఆ ఊళ్ళో ఎవరెంత పని చేసినా, ఆఖరి మాట పిల్లదే. అందరూ కనక వైపు చూశారు.

"ఈయన మా నాన్నతో మాట్లాడారు. వాళ్ళమ్మగారితో మాట్లాడారు" అంది కనక. "వెళ్తున్నానని చెప్పారు, ఎందుకెళ్తున్నారో చెప్పలేదు. వారమంతా నేనెలా ఉన్నానో ఈయనకి తెలుసా? నాతో మాత్రం ఒక్క మాటా చెప్పలేదు."

కొండబాబు తెల్లబోయాడు. నిజమే. అమ్మ ఒప్పుకుంటుందో లేదోనని, ఆశపెట్టి అన్యాయం చెయ్యకూడదని నోరు మూసుకుని వెళ్ళాడు. అది మంచితనం అనుకున్నాడు. ఆమె మొహం చూస్తే మంచితనంలా లేదు.

అతను కళ్లంలోకి వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"కనకా, నువ్వంటే నాకు ఇష్టం. ఎప్పట్నించి అంటే చెప్పలేను. పని అయిపోయిందని రైలెక్కాను. రైలు సొరంగంలోకి వెళ్ళిన ప్రతిసారీ, బయటికి రాగానే దిగి వెనక్కి వచ్చేద్దామనిపించింది."

"ఆ దారిలో సొరంగాలు చాలా ఉన్నాయి."

"అన్నింట్లోనూ అనిపించింది."

కనక ఏడుస్తూనే నవ్వింది. "నాకూ ఇష్టమే" అంది, అందరికీ వినబడేలా. "ఇంకెప్పుడూ చెప్పకుండా వెళ్ళకు."

"వెళ్ళను."

సోములమ్మ అంబలి గిన్నె కోసం లోపలికి పరిగెత్తింది. కొండబాబు చొక్కా చేతులు పైకి మడిచి, "ఏం చెయ్యమంటారు మావయ్యా?" అన్నాడు.

"ఇయ్యాల పనేటి? ఇయ్యాల సుట్టాలొచ్చినారు. కూకో" అన్నాడు సోంబరు, అరుగు మీద తన పక్కన చోటు చూపిస్తూ. "పని రేపట్నించి."

"రేపు సోమవారం కదా, ఆఫీసు?" అంది రమణమ్మ.

"సెలవు పెట్టానమ్మా" అన్నాడు కొండబాబు.

"నేనూ పెడతాను" అంది కనక.